జడ్పీ స్కూలు ఎవరిది మాస్టారూ?

"మాస్టారూ, నమస్కారం. మాది సఖినేటిపల్లి మండలంలో ఒక ఊరండి. పదేళ్ళు హైదరాబాద్‌లో ఉన్నాం. మా ఆయనకి అక్కడ పని తగ్గింది, అత్తగారికి ఒంట్లో బాగోవడం లేదు, అందుకని వేసవిలో ఊరొచ్చేశాం. బాబు ఎనిమిది అయ్యి తొమ్మిదికి వచ్చాడు, పాప నాలుగు అయ్యి ఐదుకి వచ్చింది. ఎంఈఓ ఆఫీసుకి వెళితే హైస్కూలు మా పరిధి కాదన్నారు. హైస్కూలుకి వెళితే టీసీ తెమ్మన్నారు. అక్కడ ప్రైవేటు స్కూలు వాళ్ళు ఫీజు బాకీ కడితేనే టీసీ ఇస్తామంటున్నారు. ఒకరు జడ్పీ స్కూలంటే గవర్నమెంటు స్కూలు కాదంటారు, ఒకరు కాకినాడ వెళ్ళమంటారు, ఇంకొకరు అమలాపురం అంటారు. రేవు దాటితే నరసాపురమే కదా, అక్కడ వేసేద్దామా అని కూడా ఉంది. రేపు ఇంజనీరింగ్ దగ్గర తెలంగాణ పిల్లాడని సీటు ఇవ్వరేమోనని మా ఆయనకి ఒకటే టెన్షన్. అసలు ఎవరి కింద ఎవరుంటారో, ఏ కాలేజీ ఏ యూనివర్సిటీదో ఒక్కసారి చెప్పండి."

అమ్మా,

ముందు బాబు సంగతి చెప్పేస్తాను, మిగతాది తీరిగ్గా చదువుకోండి. బడులు తెరిచిన మొదటి వారంలోనే వాణ్ణి ఆంధ్రాలో గుర్తింపు ఉన్న ఏదో ఒక స్కూల్లో తొమ్మిదో తరగతిలో చేర్చేయండి. "ఈ ఒక్క ఏడాదీ హైదరాబాద్‌లో చుట్టాలింట్లో ఉండి చదువుకుంటాడులే, టీసీ సంగతి తేలాక తీసుకొద్దాం" అన్న ఆలోచన ఇంట్లో ఎవరికైనా ఉంటే దాన్ని మానిపించండి. ఎందుకో కింద రాస్తాను, మీ ఆయన టెన్షన్‌కి జవాబు కూడా అక్కడే ఉంది.

ఇప్పుడు మీరడిగిన అసలు ప్రశ్న. ముప్పై మూడేళ్ళు జడ్పీ స్కూళ్ళలో పనిచేశాను, అందులో చివరి పదకొండేళ్ళు హెడ్‌మాస్టరుగా, కాబట్టి ఈ తిరుగుడంతా నా కళ్ళముందు ఎంతమంది తల్లులు తిరిగారో నాకు తెలుసు. మీరు అన్నీ తేల్చే ఒక్క ఆఫీసు కోసం వెతుకుతున్నారు. అలాంటి ఆఫీసు లేదమ్మా. మన బడికి గోడ ఒకరిది, మాస్టారి జీతం ఒకరిది, మధ్యాహ్నం వండే బియ్యం ఒకరివి, పదో తరగతి పరీక్ష ఇంకొకరిది. మీరు ఏ పని మీద వెళుతున్నారన్నదాన్ని బట్టి తట్టాల్సిన తలుపు మారిపోతుంది. అది తెలియక మూడు తలుపులు తట్టి, మూడు చోట్లా "ఇక్కడ కాదు" అనిపించుకుని వచ్చారు. వాళ్ళు మీకు చెప్పింది అబద్ధం కాదు, కానీ ఎక్కడికి వెళ్ళాలో కూడా చెప్పి పంపుంటే బాగుండేది.

మీ ఊరి హైస్కూలు గేటు మీద ఏం రాసుందో ఒకసారి చూడండి. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అని ఉంటుంది. చిన్న పిల్లల బడి మీద మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల అని ఉంటుంది. పట్నాల్లో మున్సిపల్ స్కూళ్ళుంటాయి, వీటితో పాటు రాష్ట్రం నేరుగా నడిపే ప్రభుత్వ ఉన్నత పాఠశాలలు కొన్ని వేరే ఉంటాయి. మీకు "జడ్పీ అంటే గవర్నమెంటు కాదు" అని చెప్పినవాళ్ళు ఈ తేడానే అన్నారు. అది మా టీచర్లకి సంబంధించిన తేడా, ఉమ్మడి సర్వీసు రూల్స్ అని దశాబ్దాల పాటు కోర్టుల చుట్టూ తిరిగిన తగాదా. తల్లిదండ్రులకి దాంతో పని లేదు. ఈ బళ్ళలో గేటు మీద ఏ బోర్డున్నా ఫీజు లేదు, పుస్తకాలు అవే, డీఎస్సీ రాసి వచ్చిన టీచర్లే, పదో తరగతిలో అదే పరీక్ష. జడ్పీ స్కూలు మాస్టారికి జీతం జిల్లా పరిషత్ ఇవ్వదు, రాష్ట్ర ఖజానా నుంచే వస్తుంది. జడ్పీది ప్రధానంగా స్థలం, భవనం, ఆ బోర్డు మీద పేరు.

మా చిన్నప్పుడు ముసలివాళ్ళు వీటిని బోర్డు హైస్కూలు అనే పిలిచేవాళ్ళు. మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు జిల్లా బోర్డులు పెట్టిన బడులు కదా. 1959లో పంచాయతీరాజ్ వచ్చి జిల్లా బోర్డులు పోయి జిల్లా పరిషత్తులు వచ్చాయి, హైస్కూళ్ళు వాటికి వెళ్ళాయి, చిన్న బడులు పంచాయతీ సమితులకి వెళ్ళాయి, 1980ల్లో సమితులు పోయి మండలాలు వచ్చాక అవే మండల పరిషత్ బడులయ్యాయి. గేటు మీద పేరు మారినప్పుడల్లా లోపల పెద్దగా ఏమీ మారలేదు.

కాకినాడ, అమలాపురం తికమక కూడా అలా పుట్టిందే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు కోనసీమకి అమలాపురంలో కలెక్టరు వచ్చారు, జిల్లా విద్యాశాఖాధికారి, అంటే డీఈఓ ఆఫీసు వచ్చింది. జిల్లా పరిషత్తుని మాత్రం విడగొట్టలేదు. ఉమ్మడి తూర్పుగోదావరి జడ్పీ కాకినాడలోనే ఉండిపోయింది, అలాగే పశ్చిమది ఏలూరులో. అంటే మీ ఊరి హైస్కూలు గోడ కూలితే దాని యజమాని కాకినాడలో ఉన్నట్టు, ఆ గోడ పక్కన పాఠం చెప్పే మాస్టారి మీద అధికారి అమలాపురంలో ఉన్నట్టు. మీ పని అడ్మిషను, చదువు, టీసీ కాబట్టి మీకు కాకినాడతో పని లేదు. ఆటోకీ బస్సుకీ డబ్బు తగలేసుకోకండి.

ఎంఈఓ ఆఫీసు వాళ్ళు అన్నది నిజమే. మండల విద్యాశాఖాధికారి ప్రధానంగా మండలంలోని ప్రాథమిక, ప్రాథమికోన్నత బడులు చూస్తారు, అంటే మీ పాప సంగతి వాళ్ళది. హైస్కూలు హెడ్‌మాస్టరు గెజిటెడ్ హోదా ఉన్నవారు, ఆయన మీద ఉప విద్యాశాఖాధికారి, ఆపైన డీఈఓ, వాళ్ళ మీద కాకినాడలో రీజనల్ జాయింట్ డైరెక్టరు ఉంటారు. ఆర్‌జేడీ అంటారు కదా, ఆయన పరిధి రెండు గోదావరులూ కృష్ణా కలిపి. అంటే కాకినాడ అన్నవాళ్ళు ఈ ఆఫీసు గురించి కూడా అనుండొచ్చు. అంతదాకా వెళ్ళే అవసరం మీకు రాదు. బాబు అడ్మిషన్ మీద నిర్ణయం హెడ్‌మాస్టరుదే, ఆయన కుదరదంటే కాగితం పట్టుకుని వెళ్ళాల్సింది అమలాపురం డీఈఓ ఆఫీసుకి.

ఇక టీసీ. ఇక్కడ ఇద్దరు పిల్లల దారులు వేరు, జాగ్రత్తగా చదవండి. 2009 విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి దాకా వర్తిస్తుంది. అందులో అయిదో సెక్షను స్పష్టంగా చెబుతుంది, టీసీ ఆలస్యమైందని బిడ్డని చేర్చుకోకుండా ఉండకూడదు, పాత బడి వెంటనే టీసీ ఇవ్వాలి, ఆలస్యం చేసిన హెడ్‌మాస్టరు మీద చర్య తీసుకోవచ్చు. కాబట్టి పాపని రేపే తీసుకెళ్ళి ఐదులో కూర్చోబెట్టండి. వయసు రుజువు లేదన్న కారణంతో కూడా కాదనకూడదు. ఎవరైనా కాదంటే ఈ సెక్షను పేరు మర్యాదగా చెప్పండి, సరిపోతుంది. చిన్న తరగతుల్లో టీసీ అనరు, రికార్డు షీట్ అంటారు, ఆ మాట గుర్తుపెట్టుకోండి, ఆఫీసులో అదే అడుగుతారు.

బాబుకి ఆ చట్టం అండ ఎనిమిదితో అయిపోయింది. తొమ్మిదికి టీసీ కావాల్సిందే. అలాగని ఫీజంతా కట్టేదాకా ఇంట్లో కూర్చోబెట్టకండి. హైదరాబాద్ స్కూలుకి ఒక ఉత్తరం రాయండి, ఫోన్లు కాదు, కాగితం మీద. బాకీ ఎంతో రాసివ్వమనండి, విడతలుగా ఎలా కడతారో రాయండి, టీసీ ఫలానా తేదీలోపు కావాలని రాయండి, ఒక కాపీ ఆ మండల విద్యాధికారికి, ఒకటి ఆ జిల్లా డీఈఓకి స్పీడ్ పోస్టులో పంపండి. పై అధికారికి కాపీ వెళ్ళిందని తెలిశాక చాలా స్కూళ్ళు బేరానికి దిగుతాయి, ఇది నేను చూసినదే. రాష్ట్రం దాటి వచ్చే టీసీ మీద అక్కడి విద్యాశాఖ అధికారి కౌంటర్ సంతకం అడగడం చాలాచోట్ల ఉంది, అది కూడా అక్కడున్నప్పుడే చేయించుకోండి, లేకపోతే దానికోసం ఇంకోసారి రైలెక్కాలి. ఇంకొకటి, పిల్లాడి పేరు ఇప్పుడు కంప్యూటర్లో కూడా ఉంటుంది, దేశంలోని బడులన్నిటి వివరాలుండే యూడైస్‌లో వాడికి పెన్ నంబరని ఒకటి ఉంటుంది, పాత స్కూలు అక్కడ పేరు వదిలితేనే కొత్త స్కూలు తీసుకోగలదు. టీసీ ఇచ్చేటప్పుడు "ఆన్‌లైన్‌లో కూడా వదిలారా" అని అడిగి రండి.

ఈలోపు ఇక్కడి హెడ్‌మాస్టరు దగ్గరికి ఎనిమిదో తరగతి ప్రోగ్రెస్ కార్డు, ఆధార్, ఆ పెన్ నంబరు, మీరు పంపిన ఉత్తరం కాపీ తీసుకుని వెళ్ళండి. టీసీ ఫలానా రోజుకి తెచ్చిస్తామని రాసిచ్చి తాత్కాలికంగా కూర్చోబెట్టమని అడగండి. నేను అలా చాలామందిని కూర్చోబెట్టాను, పాఠాలు పోకుండా ఉంటాయి కదా. కానీ రిజిస్టర్లో పేరు ఎక్కేదాకా వదలకండి. రిజిస్టర్లో లేని పిల్లాడికి హాజరు లేదు, హాజరు లేనిదే రేపు స్టడీ సర్టిఫికెట్ లేదు.

ఆ రిజిస్టరు గురించి కొంచెం చెప్పనివ్వండి, ఎందుకంటే నా సర్వీసు మొత్తంలో నేను భయపడిన వస్తువు అదొక్కటే. అడ్మిషన్ రిజిస్టరు అంటే అట్ట ఊడిపోయిన పొడవాటి పుస్తకం, ఒక్కో గీతలో ఒక్కో పిల్లవాడి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ, రెండు పుట్టుమచ్చలు. ఎడమ మోచేతి కింద ఒకటి, మెడ మీద కుడివైపు ఒకటి, అలా. అదే సమాచారం పదో తరగతి పరీక్షకి పంపే పేర్ల జాబితాలోకి, అంటే నామినల్ రోల్స్‌లోకి, అక్కణ్ణుంచి పదో తరగతి మెమోలోకి వెళుతుంది, మెమోలో ఏది పడితే ఇక జీవితాంతం అదే. పాస్‌పోర్టుకీ ఉద్యోగానికీ పెన్షన్‌కీ అదే. 1986 ఆగస్టు వరదకి నేను ఒక లంకలో కొత్త టీచర్ని. నీళ్ళు వరండా మెట్టెక్కుతుంటే మా హెడ్‌మాస్టరు గారు కుర్చీలు, మ్యాపులు, సైన్సు సామాను అన్నీ వదిలేసి, ఆ రిజిస్టర్లు రెండూ పంచెలో చుట్టి నెత్తిన పెట్టుకుని గట్టు మీదకి నడిచారు. అప్పుడు నాకు అర్థం కాలేదు.

తరువాత అర్థమయ్యింది. నేను హెడ్‌మాస్టరుగా వెళ్ళిన ఒక ఊళ్ళో ఒక కుర్రాడు మిలటరీ సెలక్షన్‌కని సర్టిఫికెట్లు పట్టుకుని వచ్చాడు, పరుగులో పాసయ్యాడు, అన్నిట్లో పాసయ్యాడు. మెమోలో మాత్రం వయసు ఏడాదిన్నర ఎక్కువ ఉంది. చిన్నప్పుడు ఒకటో తరగతిలో వేసినప్పుడు తేదీ తెలియక ఎవరో మాస్టారు ఉజ్జాయింపుగా వేసేశారు, తల్లికి చదువు రాదు, తండ్రి చేపల చెరువు మీద కాపలా. ఎవరూ చూసుకోలేదు. నేను అప్పుడు చేయగలిగింది ఏమీ లేకపోయింది, ఆ పిల్లాడు గుమ్మంలో నిలబడి "మరి నా వయసు నాకు తెలుసు కదండీ" అన్న మాట ఇప్పటికీ గుర్తొస్తుంది. కాబట్టి అమ్మా, మీ ఇద్దరు పిల్లల పేర్లూ రాసేటప్పుడు పక్కన నిలబడి చూడండి. ఇంటిపేరు, తేదీ, ఆధార్‌లో ఉన్నట్టే, జనన ధ్రువపత్రంలో ఉన్నట్టే ఉన్నాయా అని. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. పదో తరగతి నామినల్ రోల్ మీద సంతకం అయ్యాక అది కొండెక్కి కూర్చుంటుంది.

నరసాపురం సంగతి. పక్క జిల్లా హైస్కూల్లో చేరకూడదని ఏమీ లేదు, బాబుని వేయొచ్చు. కానీ పంటు, అంటే రేవు దాటించే పెద్ద పడవ మీద రోజూ రెండుసార్లు దాటాలి, గోదావరి ఎర్రబడి పోటెత్తిన రోజున పంటు ఆపేస్తారు, జులై నుంచి ఒక్కోసారి సెప్టెంబరు దాకా మీకు తెలియంది కాదు. చించినాడ వంతెన మీదుగా తిప్పుకుంటే పొద్దున్నే పిల్లాడి ఓపిక బస్సులోనే అయిపోతుంది. హైస్కూలు వయసులో ఇంటికి దగ్గరి బడే మంచిదని నా నమ్మకం. కాలేజీకి వచ్చాక రేవు దాటుతాడు, చాలామంది దాటి చదువుకున్నవాళ్ళే.

పాపకి మాత్రం జిల్లా మారడం లెక్కలోకి వస్తుంది. ఐదో తరగతిలో ఉన్నప్పుడు నవోదయ ప్రవేశ పరీక్ష రాయొచ్చు, ఆరులో చేరతారు. ఏ జిల్లాలో ఐదు చదువుతుంటే ఆ జిల్లా నవోదయకే రాయాలి. ఉమ్మడి తూర్పు వాళ్ళకి పెద్దాపురం, పశ్చిమ వాళ్ళకి పెదవేగి. ఒక సంగతి దాచకుండా చెప్పాలి, అందులో కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలకి, ఆ కోటా రావాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులూ పల్లెటూరి బళ్ళలోనే చదివుండాలి. మీ పాప మూడు, నాలుగు హైదరాబాద్‌లో చదివింది కాబట్టి మిగతా సీట్లకి పోటీ పడాలి, కష్టం, అయినా రాయించండి, ఆ పరీక్షకి చదివిన లెక్కలు ఎక్కడికీ పోవు. నవోదయ కేంద్రానిది, డీఈఓ గారిది కాదు. రాష్ట్ర గురుకులాలు వేరే, వాటికి నాలుగులో ఉండగా పరీక్ష రాసి ఐదులో చేరతారు, మీకు ఈ ఏడాది అది దాటిపోయింది.

మీ ఊరి ప్రాథమిక బడిలో ఐదో తరగతి ఉందో లేదో ముందు కనుక్కోండి. 2022లో చాలా ఊళ్ళలో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్ళలో కలిపారు, 2025లో ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకుని మోడల్ ప్రైమరీ స్కూళ్ళంటూ మళ్ళీ సర్దారు. నాకు ఈ కలపడాలూ విడదీయడాలూ ఎప్పుడూ నచ్చలేదు, ఏడేళ్ళ పిల్ల కాలవ గట్టు వెంట కిలోమీటరు నడవడం కాగితం మీద ఒక కిలోమీటరే గానీ వర్షంలో అది వేరే. ఎనిమిదిలోకి వచ్చాక పాప చేత ఎన్ఎంఎంఎస్ పరీక్ష రాయించడం మర్చిపోకండి, అది ప్రభుత్వ బడుల పిల్లలకి, వస్తే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయల స్కాలర్షిప్పు. బాబు ఎనిమిది దాటేశాడు, ప్రైవేటులో చదివాడు, వాడికి ఆ అవకాశం లేదు.

మధ్యాహ్నం భోజనం గురించి అత్తగారు మొహమాటపడుతున్నారేమో, ఊళ్ళో కొందరు పడతారు. ఆ పథకానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడ మన లంకల గన్నవరం ఇల్లాలే, కులమూ మతమూ చూడకుండా వచ్చినవాళ్ళకల్లా వండి పెట్టిన తల్లి. ఆ పేరున్న అన్నం తినడానికి మన గోదావరి పిల్లలకి మొహమాటం ఎందుకమ్మా. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో కూడా పెడుతున్నారు.

బాబుకి మొదటి రెండు నెలలు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. పుస్తకాలు వేరు, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు, రెండు భాషల్లో అచ్చేసి ఇస్తారు, దాన్ని భయపడకుండా వాడుకోమనండి, ఇంగ్లీషులో అర్థం కానిది పక్క పేజీలో దొరుకుతుంది. పదో తరగతి పరీక్ష పెట్టేది ప్రభుత్వ పరీక్షల విభాగం, 600 మార్కులు.

పది దాటగానే మొత్తం మారిపోతుంది. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే తడబడతారు. చాలా రాష్ట్రాల్లో పదకొండు, పన్నెండు బడిలోనే ఉంటాయి, మనకి మాత్రం జూనియర్ కాలేజీ అని వేరే ఇల్లు. ఇంటర్ బోర్డు 1971లో పెట్టారు, దాని అధికారులు వేరు, జూనియర్ కాలేజీ విషయంలో డీఈఓ దగ్గరికి వెళితే మళ్ళీ మీకు "మా పరిధి కాదు" అన్న మాటే వినిపిస్తుంది. ఈసారి కోపం తెచ్చుకోకండి, అది నిజంగానే వాళ్ళ పరిధి కాదు. కొన్ని హైస్కూళ్ళలో హైస్కూల్ ప్లస్ అని ఇంటర్ పెట్టారు, అవి మాత్రం బడి శాఖవే.

ఇప్పుడు మీ ఆయన టెన్షన్. 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు ఒకటి వచ్చింది, రాజ్యాంగంలో 371డి కింద. రాష్ట్ర యూనివర్సిటీలూ కాలేజీల్లో 85 శాతం సీట్లు ఆ ప్రాంతపు లోకల్ పిల్లలకి. లోకల్ అంటే పుట్టిన ఊరు కాదు, అత్తగారి ఊరూ కాదు, చదివిన చోటు. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్ళు ఎక్కడ చదివాడన్నదే మొదటి లెక్క. ఇంజనీరింగ్‌కి అర్హత పరీక్ష ఇంటర్. వేళ్ళ మీద లెక్కపెట్టండి, తొమ్మిది, పది, ఇంటర్ మొదటి ఏడాది, రెండో ఏడాది. నాలుగు. ఈ జూన్‌లో తొమ్మిదిలో ఇక్కడ చేరితే ఇంటర్ అయ్యేసరికి మీ బాబు అచ్చంగా ఇక్కడి లోకల్. ఒక్క ఏడాది ఆలస్యం చేస్తే మూడే మిగులుతాయి, అప్పుడు వేరే నిబంధనలు, నివాసం కాగితాలు, తహసీల్దారు సంతకాలు అని తిరగాలి. 2024 జూన్ 2తో రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రవేశాల పదేళ్ళ గడువు కూడా అయిపోయింది, ఇక రెండు పడవల మీద కాళ్ళు కుదరవు. అందుకే మొదట్లోనే అంత గట్టిగా రాశాను.

మన ప్రాంతాన్ని ఆ ఉత్తర్వులో ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా అంటారు, ఉమ్మడి శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా. రేపు ఇంటర్‌కి విజయవాడ పంపినా లోకల్ పోదు, నరసాపురంలో చేరినా పోదు. హైదరాబాద్ పంపితే పోతుంది. ప్రతి తరగతి అయ్యాక స్టడీ సర్టిఫికెట్ తీసి ఒక ఫైల్లో పెట్టుకోండి, కౌన్సెలింగ్ రోజున ఆరో తరగతి నుంచి అడుగుతారు, అంటే హైదరాబాద్‌లో చదివిన ఆరు, ఏడు, ఎనిమిది కూడా ఇప్పుడే టీసీతో పాటు రాయించుకుని రండి.

యూనివర్సిటీల సంగతి కూడా బడుల లాంటిదే, ఏ చదువుకి ఆ ఇల్లు. డిగ్రీ అయితే మన రెండు గోదావరుల కాలేజీలకీ రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ యూనివర్సిటీ, 2006లో వచ్చింది. అంతకుముందు అంతా 1926లో పుట్టిన ఆంధ్రా యూనివర్సిటీయే, నా పట్టా మీద ఉన్నది అదే. రేవుకి ఇటు రాజోలు ప్రభుత్వ డిగ్రీ కాలేజీ, అటు నరసాపురం వై.ఎన్. కాలేజీ, జిల్లాలు వేరైనా రెండిటి మీదా నన్నయ యూనివర్సిటీయే. అటానమస్ అని బోర్డు చూసి కంగారు పడకండి, ప్రశ్నపత్రం వాళ్ళే తయారు చేసుకుంటారు, పరీక్ష వాళ్ళే పెట్టుకుంటారు, పట్టా మాత్రం యూనివర్సిటీదే. ఇంజనీరింగ్ కాలేజీల్లో ఎక్కువ భాగం కాకినాడ జేఎన్‌టీయూ కింద. అది 1946లో కాలేజీగా మొదలై, 1972లో జేఎన్‌టీయూలో కలిసి, 2008లో సొంతంగా యూనివర్సిటీ అయ్యింది. డాక్టరు చదువుకి మామూలుగా, కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో చదివినా, పట్టా విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీది. వ్యవసాయం గుంటూరు దగ్గర లాంలో ఉన్న రంగా యూనివర్సిటీ. మీ పొలంలో స్వర్ణ వరి వేస్తే దాని అసలు పేరు ఎంటీయూ 7029, ఆ ఎంటీయూ అంటే మన మార్టేరు, అక్కడి పరిశోధన కేంద్రం ఆ యూనివర్సిటీదే. కొబ్బరి, అరటి లాంటి తోటల చదువుకి తాడేపల్లిగూడెం పక్కన వెంకటరామన్నగూడెంలో ఉద్యాన యూనివర్సిటీ వేరే ఉంది. అదే తాడేపల్లిగూడెంలో ఉన్న నిట్ మాత్రం రాష్ట్రానిది కాదు, కేంద్రానిది, జేఈఈ రాయాలి, అందులో సగం సీట్లు ఈ రాష్ట్రంలో ఇంటర్ పాసైనవాళ్ళకి.

నిట్ తప్ప ఈ రాష్ట్ర యూనివర్సిటీలకి పైన గవర్నరు గారు ఛాన్సలర్‌గా ఉంటారు, రోజువారీ నడిపేది వైస్ ఛాన్సలర్. ఎంసెట్ అని మనం ఇంకా పిలిచే ఈఏపీసెట్ లాంటి ప్రవేశ పరీక్షలు ఉన్నత విద్యామండలివి, అది ఒక్కో ఏడాది ఒక్కో యూనివర్సిటీకి అప్పగిస్తుంది, కొన్నేళ్ళు కాకినాడ, కొన్నేళ్ళు అనంతపురం జేఎన్‌టీయూ పెట్టాయి. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, మిగతావి మేనేజ్‌మెంట్ కోటా. రేపు ఎవరైనా ఇంటికొచ్చి "సీటు ఇప్పిస్తాం, ముందే అడ్వాన్సు కట్టండి" అంటే అది ఏ కోటానో నోటితో చెప్పించుకోండి, కన్వీనర్ సీటు ఎవరూ ఇప్పించలేరు, అది ర్యాంకుతో కౌన్సెలింగ్‌లో వచ్చేది.

ఒక్క దారి మాత్రం మీ ఆయనకి తప్పకుండా చెప్పండి. పది అయ్యాక పిల్లాడికి మార్కులు బాగా వస్తే నూజివీడు ట్రిపుల్ ఐటీ, ఇప్పుడది ఏలూరు జిల్లాలోనే ఉంది. పదో తరగతి మార్కుల మీదే సీటు, ఆరేళ్ళ చదువు, రెండేళ్ళు ఇంటర్‌కి సమానం, నాలుగేళ్ళు బీటెక్, అక్కడే ఉండి చదవాలి. పల్లెల్లోని జడ్పీ బడుల్లాంటి ప్రభుత్వ బడుల నుంచి వచ్చిన పిల్లలకి ఎంపికలో కొంత అదనపు వెసులుబాటు ఉంది. అది కుదరకపోతే పాలిసెట్ రాసి పాలిటెక్నిక్, కాకినాడ ఆంధ్రా పాలిటెక్నిక్ లాంటివి, మూడేళ్ళ డిప్లొమా అయ్యాక ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలోకే చేరొచ్చు. చదువు మధ్యలో ఆపాల్సి వచ్చినా చేతిలో డిప్లొమా ఉంటుంది కాబట్టి మీలాంటి ఇంటికి ఇది మంచి దారి అని నేను అనుకుంటాను.

ఇక్కడ ఇంకొక మాట. బడిలో తల్లిదండ్రుల కమిటీ ఉంటుంది, చట్టం ప్రకారం అందులో ముప్పాతిక వంతు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. పాప చేరాక ఎన్నికలు ఎప్పుడో కనుక్కుని నిలబడండి. హైదరాబాద్‌లో పదేళ్ళు ఉండి వచ్చారు, ఆఫీసుల్లో మాట్లాడటం మీకు వచ్చు, ఊళ్ళో చాలామంది తల్లులకి అది రాక గుమ్మం దగ్గరే ఆగిపోతారు. మరుగుదొడ్డికి నీళ్ళు లేకపోయినా లెక్కల మాస్టారి పోస్టు ఖాళీగా ఉన్నా కమిటీ తీర్మానం మీద రాసిన కాగితానికి ఉన్న బరువు ఒక్కరు వెళ్ళి అడిగితే రాదు.

బాబు అడ్మిషన్‌కి హెడ్‌మాస్టరు ఒప్పుకోకపోతే రెండు రోజులు చూసి డీఈఓ ఆఫీసులో అర్జీ ఇవ్వండి, కాపీ మీద తేదీ, ముద్ర వేయించుకోండి. అక్కడ కూడా కదలకపోతే సోమవారం అమలాపురం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, నంబరు ఇస్తారు, ఆ నంబరు ఉంటే ఎక్కడో ఒకచోట జవాబు రాయాల్సిందే. నా అనుభవంలో అంతదాకా వెళ్ళదు.

రేపు బడికి వెళ్ళేటప్పుడు పిల్లలిద్దర్నీ వెంట తీసుకెళ్ళండి. పుట్టుమచ్చలు చూసి రాసుకోవాలి కదా.